మనుషులు లేని దీవి, మన ఒడ్డు రాళ్లు

శ్రోతలకు నమస్కారం.

2025 సెప్టెంబరులో మన దేశం యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు కోసం తయారయ్యే తాత్కాలిక జాబితాలోకి ఏడు ప్రకృతి వారసత్వ స్థలాలను చేర్చింది. వాటిలో తిరుమల కొండలు ఉన్నాయి. భీమిలి దారిలోని మన ఎర్రమట్టి దిబ్బలూ ఉన్నాయి. ఆ వార్త వచ్చినప్పుడు విశాఖలో అందరం దిబ్బల గురించే మాట్లాడుకున్నాం. న్యాయమే మరి. కానీ అదే జాబితాలో ఇంకో పేరుంది. కర్ణాటకలో ఉడుపి దగ్గర, మల్పే రేవుకు ఎదురుగా అరేబియా సముద్రంలో ఉన్న సెయింట్ మేరీస్ దీవులు. రాళ్ల గురించి పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి కాబట్టి నాకు ఆ పేరు చూడగానే ప్రాణం లేచొచ్చింది. ఈ పూట ఆ దీవి కబుర్లు చెప్తాను.

అవి నాలుగు చిన్న దీవులు. జనం వెళ్లేది వాటిలో కొబ్బరి దీవి అనేదానికి. పొడవు అర కిలోమీటరు, వెడల్పు వంద మీటర్లు, అంతే. ఇల్లు లేదు, ఊరు లేదు, రాత్రి ఉండనివ్వరు. కొబ్బరి చెట్లు, గవ్వలు, రాళ్లు. 1498లో వాస్కో డ గామా ఇక్కడ దిగి మేరీమాత పేరు పెట్టాడని చెప్తారు. ఆయన దిగాడా లేదా అన్నది చరిత్రకారులు తేల్చుకుంటారు. మనం రాళ్ల దగ్గరికి పోదాం.

అంతకంటే ముందు మల్పే రేవు గురించి ఒక్క మాట. అక్కడ బోట్ల మీద పని చేసేవాళ్లలో మన ఉత్తరాంధ్ర వాళ్లు చాలామందే ఉన్నారు. శ్రీకాకుళం వైపు నుంచి వేటకని వలస పోయినవాళ్లు. రేవులో నడుస్తుంటే మన యాస చెవిన పడి ఆగిపోయాను. వల బాగు చేసుకుంటున్న ఒకాయన, దీవికి వెళ్తున్నామని చెబితే నవ్వేశాడు. "ఏటి సూడ్డానికి మాస్టారూ, రాళ్లా? రాళ్లు సూడ్డానికి ఇంత దూరం రావాలేటి?" అన్నాడు. తర్వాత కొంచెం ఆగి, "మేమైతే ఆ పక్కకి బోటు పట్టుకెళ్లం. పైకి కనపడే రాయి ఏం సెయ్యదు బాబూ, నీళ్లకింద రాయుంది సూడండి, దాంతోనే మాకు టెన్షను" అన్నాడు. అరగంట తర్వాత ఆ మాట ఎంత నిజమో చూశాను. మమ్మల్ని తీసుకెళ్లిన పెద్ద బోటు దీవి దాకా పోలేదు. దూరంగా ఆపి, చిన్న పడవలోకి మార్చి, రాళ్ల సందులోంచి ఒడ్డుకు చేర్చారు.

దిగి నాలుగడుగులు వేస్తే స్తంభాలు కనిపిస్తాయి. ఒకదానికొకటి ఆనుకుని, పలకలు తీరిన రాతి స్తంభాలు. కొన్ని ఆరు మీటర్ల దాకా ఉంటాయి. శిల్పులు చెక్కి నిలబెట్టి, గుడి కట్టకుండానే వెళ్లిపోయారేమో అనిపిస్తుంది. ఉలి పడలేదు. సుత్తి పడలేదు. అదంతా చల్లారడంలో జరిగిన పని.

ఎలాగో చెప్తాను వినండి. సుమారు 8 కోట్ల 80 లక్షల ఏళ్ల కిందట, ఇప్పుడు ఆఫ్రికా పక్కనున్న మడగాస్కర్ దీవి మన పడమటి ఒడ్డు నుంచి విడిపోతోంది. నేల చీలింది, లావా పైకొచ్చి పరుచుకుంది. పరుచుకున్న లావా చల్లారుతుంది. చల్లారితే కుంచించుకుపోవాలి. కానీ అంత పెద్ద లావా పొర ఒక్కటిగా దగ్గరకు జరగలేదు, అందుకని పగులుతుంది. ఎండాకాలంలో చెరువు అడుగున బురద ఎండి పెంకులు పెంకులుగా విచ్చుకోవడం మీరంతా చూసే ఉంటారు. పగలడం అలాగే పగులుతుంది. అయితే ఇక్కడ పగులు పైపైన ఆగదు. పైన చల్లారింది, పైన పగిలింది. ఇంకొంచెం లోపల చల్లారింది, పగులు ఇంకొంచెం లోపలికి దిగింది. చల్లదనం దిగేకొద్దీ పగులూ దిగుతుంది. అలా దిగి దిగి, పెంకు కాస్తా స్తంభమవుతుంది.

మరి ఈ స్తంభాల్లో ఎక్కువ వాటికి ఆరు పలకలే ఎందుకు? మూడు పగుళ్లు ఒకచోట కలుసుకున్నాయనుకోండి. మూడింటి మధ్యా కోణాలు సమానంగా, అంటే 120 డిగ్రీల చొప్పున సర్దుకుంటే, తక్కువ పగుళ్లతోనే రాతిలో బిగువు సడలిపోతుంది. అన్ని మూలలూ అలాగే సర్దుకుంటూ పోతే వచ్చే ఆకారం ఆరు పలకలది. రాయికి లెక్కలు రావు, అయినా లెక్క ప్రకారమే పగిలింది. మరీ లెక్క ప్రకారం కూడా కాదులెండి. దగ్గరికెళ్లి వేలు పెట్టి లెక్కపెడితే ఐదు పలకలవి ఉంటాయి, ఏడు పలకలవీ ఉంటాయి. నాకు అవే ఎక్కువ నచ్చాయి. నెమ్మదిగా చల్లారిన చోట స్తంభాలు లావుగా, గబగబా చల్లారిన చోట సన్నగా వస్తాయి. అంటే స్తంభం లావు చూసి, ఏ లావా తాపీగా చల్లారిందో చెప్పొచ్చు.

ఇప్పుడు విశాఖ వద్దాం. డాల్ఫిన్ నోస్, యారాడ, రుషికొండ, తొట్లకొండ, ఈ వరసలో మనకు కనిపించే రాయి ఎక్కువగా ఖొండలైట్. కోణార్క గుడి కట్టింది కూడా ఈ జాతి రాయితోనే. ఇది లావా చల్లారి వచ్చినది కాదు. ఒకప్పుడు బురదగా, ఇసుకగా పేరుకున్నదే, భూమి లోతుల్లోకి దిగి, వేడికీ ఒత్తిడికీ పూర్తిగా మారిపోయి బయటపడింది. అలా మారి వంద కోట్ల ఏళ్లు అయి ఉంటుంది. ఆ దీవి రాయి దీని ముందు పసిపాప. ఇంకో చిత్రం ఏమిటంటే, ఆ దీవి మడగాస్కర్‌తో తెగిన బంధానికి గుర్తయితే, మన తూర్పు కనుమలకు చుట్టరికం అంటార్కిటికాతో. సుమారు 13 కోట్ల ఏళ్ల కిందట విడిపోయాం. మన కొండ రాళ్లకు జోడీ రాళ్లు అక్కడ మంచు కింద ఉన్నాయి. బీచ్‌లో అల వెనక్కి పోయాక ఇసుక మీద ఎర్రటి చారలు కనిపిస్తాయి కదా, అవి ఈ రాళ్లు అరిగి రాలిన గార్నెట్ అనే ఎర్ర ఖనిజపు గింజలే. ఈసారి గుప్పిట్లోకి తీసుకుని ఎండలో చూడండి.

మంగమారిపేట దగ్గర సముద్రం తొలిచిన సహజ శిలాతోరణం ఉంది. ఫొటోల్లో అయినా చూసే ఉంటారు. దాని మీదికెక్కి నిలబడి ఫొటో దిగడం కుర్రాళ్లకు సరదా. నా అభిప్రాయం అడిగితే, ఎవర్నీ ఎక్కనివ్వకూడదు. అలలు కింద నుంచి తింటున్న రాయి అది. ఎప్పటికైనా కూలేదే. మన బరువు కూడా దానికి తోడెందుకు?

అక్కడికే వస్తున్నాను. మిగిలిన రెండు నిమిషాలూ ఒక్క విషయమే చెప్తాను, కొంచెం మాస్టారి ధోరణిలో ఉంటే ఏమనుకోకండి. 2020 అక్టోబరులో వాయుగుండం దెబ్బకు 'ఎం.వి. మా' అనే బంగ్లాదేశ్ ఓడ కొట్టుకొచ్చి తెన్నేటి పార్కు కింద రాళ్లకు చిక్కుకుంది, గుర్తుందా? ఓడనే తెచ్చి రాళ్ల మీద పెట్టిన సముద్రం అది. ఆ ఓడ ముందు, అవే రాళ్ల మీద నిలబడి, సముద్రానికి వీపు పెట్టి జనం సెల్ఫీలు దిగారు.

రాళ్ల దగ్గరికి వెళ్లొద్దని నేననను. నేనే వెళ్తాను. కానీ వెళ్లగానే దిగకండి. ముందు పైన, పొడి చోట కూర్చోండి. ఒక పావుగంట ఊరికే చూడండి. రాళ్ల మీద తడి గీత ఎక్కడిదాకా ఉందో చూడండి. పైన రాయి తెల్లగా, పొడిగా ఉంటుంది. కింద నల్లగా, పాకుడు పట్టి ఉంటుంది. ఆ తడి గీతకు కింద మీ కాలు పడకూడదు. సముద్రం ఇప్పుడు నెమ్మదిగా ఉంది కదా అంటారా? తడి గీత చూడండి. అల అక్కడిదాకా వచ్చింది కాబట్టే అది తడిసింది. మనకు ఇక్కడ గాలి లేకపోయినా, ఎక్కడో నడి సముద్రంలో రేగిన అలలు ఒడ్డుకు వస్తూనే ఉంటాయి. చిన్నవి వరసగా వస్తుంటే మధ్యలో ఎప్పుడో పెద్దది ఒకటి వస్తుంది. అమావాస్యకూ, పున్నమికీ పోటు ఎక్కువ, ఆ గీత ఇంకా పైకి జరుగుతుంది. ఏం చేసినా సరే, సముద్రానికి వీపు పెట్టకండి.

ఆ దీవి దగ్గర వానాకాలంలో బోట్లు ఆపేస్తారు, మిగతా రోజుల్లో గట్టు దాటితే విజిల్ వేస్తారు. మన రాళ్ల దగ్గర అన్నిచోట్లా విజిల్ వేసేవాళ్లు ఉండరు. కాబట్టి ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఎవరైనా పడిపోతే వెంటనే దూకకండి, ఈత వచ్చినా సరే. రాళ్ల మధ్య అల కొట్టే దెబ్బకు ఈత పనికిరాదు. మూత బిగించిన ఖాళీ నీళ్ల సీసా, ప్లాస్టిక్ డబ్బా, తాడు, చున్నీ, ఏది దొరికితే అది విసరండి. చేతులు కొట్టుకోకుండా వెల్లకిలా తేలమని కేకేసి చెప్పండి. ఒక మనిషి ఆ పడినవాళ్ల మీంచి చూపు తిప్పకుండా వేలు చూపిస్తూ నిలబడాలి. ఇంకొకరు 112కి ఫోన్ చేయాలి. ఫోన్‌లో 'బీచ్ దగ్గర' అంటే చాలదు, మన బీచ్ భీమిలి దాకా ఉంది. తెన్నేటి పార్కు కిందా, రుషికొండ దాటాకా, తొట్లకొండ ఎదురుగానా, ఏ మలుపు దగ్గరో గుర్తు చెప్పండి.

నమస్కారం.