సాధన గదికి అద్దె ఎవరిస్తారు?

సభకు నమస్కారం. బృందగాన సంఘాలు గ్రాంటు ఎలా సంపాదించుకోవాలో చెప్పమని నిర్వాహకులు నన్ను పిలిచారు. నేను పేరున్న గాయకుణ్ణి కాను. మా ఊరి బృందంలో వెనక వరుసలో నిలబడి మంద్రంలో గొంతు కలుపుతూ, మిగిలిన సమయమంతా కోశాధికారిగా కాగితాల మీద రసీదులు అంటించే మనిషిని. అందుచేత సంగీతం గురించి తక్కువగా, లెక్కల గురించి ఎక్కువగా మాట్లాడతాను.

డబ్బు ఇచ్చేవారు కచేరీని చూసి ఇస్తారు, మనకు ఖర్చయ్యేది మాత్రం సాధనకు. నలభై నిమిషాల కార్యక్రమం వెనుక ఆరు నెలల ఆదివారాలు ఉంటాయి. గది అద్దె, కీబోర్డు వాయించే అబ్బాయికి దారి ఖర్చులు, స్వరలిపి జిరాక్సులు, టీలు ఏ ఆహ్వానపత్రంలోనూ కనిపించవు. మేము మొదటిసారి ఒక దాత సంస్థకు పెట్టిన దరఖాస్తులో హాలు, మైకుసెట్టు, బ్యానర్లు, శాలువాలు మాత్రమే రాశాం. అడిగినంతా ఇచ్చారు. కార్యక్రమం వైభవంగా జరిగింది, సాధన గదికి మాత్రం నాలుగు నెలల అద్దె బకాయి పడ్డాం. ఆ తప్పు ఇచ్చినవారిది కాదు, అడగడం చేతకాని మాది.

కేంద్ర సాంస్కృతిక మంత్రిత్వ శాఖ కళా సంస్కృతి వికాస్ యోజన కింద ‘కల్చరల్ ఫంక్షన్ అండ్ ప్రొడక్షన్ గ్రాంట్’ ఒకటి ఉంది. సొసైటీలు, ట్రస్టులు, విశ్వవిద్యాలయాల వంటి సంస్థలకు సాధారణంగా 5 లక్షల రూపాయల వరకు, ప్రత్యేక సందర్భాల్లో 20 లక్షల వరకు ఇచ్చే పథకమిది. దాని పేరులో రెండు మాటలు ఉన్నాయి. మనవాళ్లు ‘ఫంక్షన్’ దగ్గరే ఆగిపోతారు. ‘ప్రొడక్షన్’ అంటే ఒక ప్రదర్శనను తయారు చేయడం. ఆ తయారీయే మన సాధన కనుక, బడ్జెట్‌లో దానిని ‘ఇతర ఖర్చులు’ అన్న గంపగుత్త వరుసలో దాచకుండా, ఎన్ని వారాలు, వారానికి ఎన్ని గంటలు, గంటకు గది అద్దె ఎంత, శిక్షకుడికి ఎంత అని విడివిడిగా రాయండి. ఏ పద్దును అనుమతిస్తారో ఆ సంవత్సరపు మార్గదర్శకాల్లో చూసుకున్నాకే అంకెలు వేయండి. మొత్తం వారే భరిస్తారనుకోకుండా, సభ్యుల చందాల రూపంలో మన వాటా ఎంతో చూపించండి.

దరఖాస్తు చదివే అధికారికి బృందగానమంటే ఇరవైమంది ఒకే స్వరవరుసను ఒకేసారి పాడటమన్న అభిప్రాయం ఉండవచ్చు. అలాంటప్పుడు ఆరు నెలల సాధన ఎందుకని ఆయన అడగడం న్యాయమే. చిత్తూరులో పుట్టి, మద్రాసు యూత్ కోయిర్ అనే బృందగాన సంఘాన్ని నెలకొల్పిన సంగీత దర్శకుడు ఎం.బి. శ్రీనివాసన్ గారి తరహా బృందగానంలో భారతీయ బాణీ చెడకుండానే గొంతులు వేర్వేరు స్వరవరుసల్లో నడిచి, కలుస్తాయి. ప్రతి గొంతు వర్గానికీ విడిగా పాఠం చెప్పి, తరువాత అందరినీ కలిపి పాడించవలసి వస్తుందన్న సంగతిని నాలుగు వాక్యాల్లో రాయండి. మా రెండవ దరఖాస్తులో ఆ నాలుగు వాక్యాలే అద్దె పద్దును నిలబెట్టాయని నా నమ్మకం.

సాధనకే నేరుగా డబ్బిచ్చే పథకం లేదా అంటే, అదే మంత్రిత్వ శాఖ గురుశిష్య పరంపర పథకం ఉంది. ఒక గురువుకు, నిర్ణీత సంఖ్యలో శిష్యులకు అందులో నెలనెలా భృతి ఇస్తారు. అయితే అది నిరంతర శిక్షణలో ఉండే కళాబృందాలను ఉద్దేశించినది. బ్యాంకు గుమాస్తాలు, గృహిణులు, విశ్రాంత ఉపాధ్యాయులు ఆదివారం పూట కలిసి పాడుకునే సంఘం తనది కాని వేషం వేసుకుని అక్కడికి వెళ్లడం నాకు ఇష్టం లేదు.

ఏ గ్రాంటు అడగాలన్నా ముందు కాగితాలు సిద్ధంగా ఉండాలి. సొసైటీగా నమోదు కావడానికి కనీసం ఏడుగురు కావాలి. 2001 నాటి ఆంధ్రప్రదేశ్ సొసైటీల నమోదు చట్టం అదే చెబుతుంది. తరువాత పాన్, సంఘం పేరిట బ్యాంకు ఖాతా, స్వచ్ఛంద సంస్థల వివరాలు నమోదు చేసే ప్రభుత్వ పోర్టల్ ఎన్జీవో దర్పణ్‌లో నమోదు. వీటిని గ్రాంటు ప్రకటన వచ్చాక మొదలుపెడితే గడువు దాటిపోతుంది.

ఇక కంపెనీల సామాజిక బాధ్యత (సీఎస్ఆర్) నిధుల సంగతి. 2013 కంపెనీల చట్టం ఏడవ షెడ్యూలులో కళ, సంస్కృతుల పరిరక్షణ కూడా ఉంది. అయితే 2021 ఏప్రిల్ 1 నుంచి ఆ నిధులతో పనిచేసే సంస్థలు సీఎస్ఆర్–1 ఫారం ద్వారా నమోదై ఉండాలి. అమెరికాలోని మేనల్లుడు పంపే విరాళం విషయంలో ఇంకా జాగ్రత్త అవసరం. అతడు భారత పౌరుడిగానే ఉండి తన సొంత సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. అక్కడి పౌరసత్వం తీసుకున్నాక పంపితే, విదేశీ పౌరులైన భారత సంతతివారికిచ్చే ఓసీఐ కార్డు ఉన్నా సరే, అది విదేశీ విరాళమే. విదేశీ విరాళాల నియంత్రణ చట్టం (ఎఫ్‌సీఆర్ఏ) కింద అనుమతి లేని సంఘం దానిని ముట్టుకోకూడదు.

ప్రభుత్వ గ్రాంటు చేతికి వచ్చాక కేంద్ర ప్రభుత్వ సాధారణ ఆర్థిక నియమావళిలోని జీఎఫ్ఆర్ 12–ఎ నమూనాలో వినియోగ ధ్రువపత్రం ఇవ్వాలి. బిల్లులు వ్యక్తుల పేరిట కాక సంఘం పేరిట ఉండాలి. గ్రాంటు సొమ్ముపై ఖాతాలో పడిన వడ్డీ కూడా మనది కాదు, దానిని కేంద్ర ప్రభుత్వ సంచిత నిధికి తిరిగి జమ చేయాలి. సాధన ఖర్చు నిజంగా జరిగిందనడానికి సాక్ష్యంగా ప్రతి ఆదివారం సభ్యుల చేత సంతకాలు పెట్టించండి. మా హాజరు పట్టీని, రెండవ దరఖాస్తు బడ్జెట్ కాగితాన్ని వెంట తెచ్చాను. విరామ సమయంలో బయట బల్ల మీద ఉంటాయి, చూసుకుని నకలు తీసుకోవచ్చు.