రివ్యూ: ఆరిపోయిన లాప్‌టాప్ తెరకు 850 రూపాయల కేబుల్ సరిపోయిందా?

నమస్కారం. నా బల్ల మీద ఉన్నది కొత్త లాప్‌టాప్ కాదు. ఆరేళ్లుగా వాడుతున్న, ఒకసారి తెర పూర్తిగా చీకటైపోయి మళ్లీ వెలిగిన 15.6 అంగుళాల యంత్రం. దీనికి 850 రూపాయలు పెట్టి కొత్త డిస్‌ప్లే కేబుల్, అంటే లాప్‌టాప్ అడుగు భాగం నుంచి మూతలోని తెరకు బొమ్మను, కరెంటును తీసుకెళ్లే తీగ, వేసి రెండు నెలలైంది. ఆ కేబుల్ నిలబడిందా లేదా అన్నదే ఈ వీడియో రివ్యూ.

ఈ లాప్‌టాప్ మా మేనకోడలిది. ఆమె చంద్రగిరి నుంచి తిరుపతిలోని పద్మావతి మహిళా విశ్వవిద్యాలయానికి రోజూ బస్సులో వెళ్లి వస్తుంది కనుక, ఆ రద్దీలో బ్యాగు ఎంత నలిగి ఉంటుందో మీరు ఊహించవచ్చు. ఒక దుకాణంలో చూపిస్తే, ఒక్క స్క్రూ కూడా విప్పకుండానే ప్యానెల్ (బొమ్మ కనిపించే తెర పలక) పోయిందని, 5,200 రూపాయలవుతుందని చెప్పారట. అయితే "మామా, మూత సగం తెరిస్తే వెలుగుతుంది, మొత్తం తెరిస్తే ఆరిపోతుంది" అని ఆమె ఫోనులో చెప్పగానే నా అనుమానం ప్యానెల్ మీద నుంచి కేబుల్ మీదికి మళ్లింది.

ముందుగా గది చీకటి చేసి, లాప్‌టాప్ ఆన్‌లో ఉండగా ఫోను టార్చిని తెరకు ఏటవాలుగా పట్టాను. చూడండి, రీసైకిల్ బిన్ గుర్తు నీడలా కనిపిస్తోంది. అంటే బొమ్మ ప్యానెల్ దాకా వస్తోంది, వెనుక నుంచి వెలుగునిచ్చే బ్యాక్‌లైట్ మాత్రమే రావడం లేదు. తరువాత హెచ్‌డీఎంఐ తీగతో ఇంట్లోని టీవీకి కలిపితే బొమ్మ శుభ్రంగా వచ్చింది కాబట్టి, బొమ్మను తయారుచేసే గ్రాఫిక్స్ చిప్ గురించి బెంగ తీరింది. టీవీలోనూ ఏమీ రాకపోతే ర్యామ్‌ను (మెమరీ పలకను) తీసి మళ్లీ బిగించి చూడాలి. అది వేరే కథ. మరొక చిన్న సంగతి: చాలా లాప్‌టాప్‌లలో మూత మూసినట్లు తెలిపేది ఒక అయస్కాంతమే కనుక, పక్కన అయస్కాంతం ఉన్న ఫోను కవరు పెట్టినా తెర ఆరిపోవచ్చు.

ఇక విప్పే ముందు తప్పనిసరిగా చేయవలసిన పని, ఛార్జరు తీసివేసి, లోపలి బ్యాటరీ కనెక్టర్‌ను కూడా ఊడదీయడం. బ్యాక్‌లైట్‌కు కరెంటు ఈ కేబుల్ గుండానే వెళుతుంది. బ్యాటరీ కలిపి ఉండగా కనెక్టర్ కాస్త వంకరగా దిగితే పక్క పిన్నులు తగిలి, మదర్‌బోర్డు (లోపలి ప్రధాన సర్క్యూట్ పలక) మీది ఆవగింజంత ఫ్యూజు కాలిపోవచ్చు. ఆ తరువాత కొత్త కేబుల్ వేసినా, కొత్త ప్యానెల్ వేసినా తెర వెలగదు.

కెమెరాను దగ్గరికి తెస్తున్నాను. ఎడమ హింజ్ (మూత తిరిగే కీలు) దగ్గర కేబుల్ మలుపు తిరిగే చోట నల్ల టేపు అరిగిపోయి, లోపల వెంట్రుకల్లాంటి సన్నని తీగలలో రెండు తెగి రాగి బయటపడింది. హింజ్ గట్టిగా బిగుసుకుపోయి, మూత తెరిచిన ప్రతిసారీ కేబుల్‌ను లాగుతూ వచ్చింది. అందువల్ల కేబుల్ ఒక్కటే మార్చి ఊరుకోకుండా, హింజ్ నట్టును పావు తిప్పు వదులు చేశాను.

కొత్త కేబుల్ విషయానికి వస్తే, పొడవు సరిగ్గా సరిపోయింది, 30 పిన్నుల కనెక్టర్ గట్టిగా కూర్చుంది, రెండు నెలల్లో తెర ఒక్కసారి కూడా మిణుకుమనలేదు. కానీ దానితో వచ్చిన జిగురు టేపు మన తిరుపతి ఎండకు వారంలోనే ఊడిపోయింది. నేను వేడిని తట్టుకునే టేపు విడిగా వేయవలసి వచ్చింది. కెమెరా, మైకు తీగలు కూడా ఇందులోనే ఉంటాయి. కెమెరా బాగానే ఉంది గాని, ఆన్‌లైన్ క్లాసులో మైకు అప్పుడప్పుడు గరగరమంటోందని మేనకోడలు చెబుతోంది. ఈ ధరకు నేను దీన్ని మంచి కేబుల్ అంటాను, గొప్ప కేబుల్ అనను.

కొనేటప్పుడు లాప్‌టాప్ మోడల్ పేరును మాత్రమే నమ్మకండి. ఒకే మోడల్‌లో 30 పిన్నులవీ, 40 పిన్నులవీ ఉండవచ్చు కనుక, పాత కేబుల్ మీద అంటించిన చీటీలోని నంబరును ఫోటో తీసి, దానితోనే సరిపోల్చి కొనండి. తెర మీద అద్దం అతికించి ఉన్న టచ్ రకానికి ఈ వీడియో వర్తించదు. ఆ అద్దాన్ని వేడి చేసి ఊడదీయాలి, అటువంటిదాన్ని నేనైతే ఇంట్లో విప్పను.