సెకండ్ హ్యాండ్ స్విఫ్ట్ డీజిల్ కొనొచ్చా? ముందు ఆయిల్ సంగతి చూడండి

నమస్తే అండీ. ఇవాళ మన ముందున్నది 2014 మోడల్ స్విఫ్ట్ వీడీఐ, అంటే డీజిల్ స్విఫ్ట్. 2020 ఏప్రిల్‌లో బండి పొగ మీద బీఎస్6 రూల్స్ వచ్చినప్పుడు మారుతీ డీజిల్ కార్లు ఆపేసింది కదా, కాబట్టి ఇప్పుడు మార్కెట్‌లో దొరికేవన్నీ ఒకరో ఇద్దరో వాడేసినవే, వాళ్లు సర్వీసింగ్ ఎలా చేయించారన్న దాని మీదే మీ డబ్బులు ఆధారపడి ఉంటాయి.

ఇంజిన్ మాత్రం బంగారం అండీ. 1248 సీసీ, ఫియట్ వాళ్ల మల్టీజెట్. ఇదే ఇంజిన్‌ని మారుతీ డీడీఐఎస్ అని, టాటా క్వాడ్రాజెట్ అని పేర్లు మార్చి అమ్మాయి. మన ఊళ్లలో ట్యాక్సీలుగా తిరిగిన డిజైర్లలోనూ ఇదే. 2000 ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజిన్ తిరిగే చుట్లు) లోపు కొంచెం మందకొడిగా ఉంటుంది, టర్బో, అంటే ఇంజిన్‌లోకి గాలిని బలంగా తోసే ఫ్యాన్, అందుకున్నాక మాత్రం పికప్ బ్రహ్మాండం. హైవే మీద మైలేజీకి వంక పెట్టక్కర్లేదు.

మరి ఇంత మంచి ఇంజిన్ ఎందుకు పోతుంది? ఎక్కువ శాతం ఆయిల్ వల్లే పోతుందని నేను గట్టిగా చెప్తాను. దీంట్లో బెల్టు ఉండదు, టైమింగ్ చైన్ ఉంటుంది, వాల్వులు పిస్టన్లకి తగలకుండా సరైన సమయానికి తెరుచుకునేలా చూసేది అదే. చైన్ కదా, జీవితాంతం చూడక్కర్లేదు అని చాలామంది అనుకుంటారు. కానీ ఆ చైన్‌ని బిగువుగా పట్టుకునే టెన్షనర్ పనిచేసేది ఆయిల్ ప్రెషర్ మీద. ఆయిల్ తగ్గినా, మార్చకుండా వదిలేస్తే చిక్కబడి బురదలా అయినా ప్రెషర్ సరిగ్గా అందదు, చైన్ వదులవుతుంది, కొన్నాళ్లకి పళ్లు జారుతుంది. అప్పుడు వాల్వులు వెళ్లి పిస్టన్లకి తగులుతాయి, వాల్వుల్ని నొక్కే రాకర్లు విరిగిపోతాయి, బండి రోడ్డు మధ్యలో ఆగిపోతుంది. పది వేల కిలోమీటర్లకో ఏడాదికో ఆయిల్, ఫిల్టర్ మార్చడానికి అయ్యే కొన్ని వేలు మిగుల్చుకోవాలని చూస్తే, హెడ్డు దించి చేసే పనికి అంతకు ఎన్నో రెట్లు పెట్టాల్సి వస్తుంది. టర్బోకీ ఇదే ఆయిల్ ప్రాణం. అది నిమిషానికి లక్ష చుట్లు పైనే తిరుగుతుంది, అందుకే హైవే మీద గట్టిగా నడిపి వచ్చాక వెంటనే కీ తిప్పేయకుండా ఒక నిమిషం ఐడ్లింగ్‌లో ఉంచండి.

ఇంకో మాట. డీజిల్ బండిలో కొత్త ఆయిల్ పోసిన కొద్దిరోజులకే నల్లగా అయిపోతుంది, మసి వల్ల అది మామూలే. కాబట్టి రంగు చూసి మంచి చెడ్డ చెప్పలేం, చూడాల్సింది లెవెల్. తగ్గినప్పుడల్లా పైన కాస్త పోసుకుంటూ వెళ్తే ఆయిల్ మార్చినట్టు కాదు. పాత బండి కదా అని 5డబ్ల్యూ-30 అనే పల్చటి గ్రేడు ఆయిల్ బదులు చిక్కటి ఆయిల్ పోయించేవాళ్లు కూడా ఉన్నారు, దయచేసి ఆ పని చేయకండి, స్టార్ట్ చేసిన మొదటి క్షణాల్లో అది చైన్ దగ్గరికి, టర్బో దగ్గరికి ఆలస్యంగా చేరుతుంది.

డీజిల్ ఫిల్టర్‌ని కూడా మర్చిపోకండి. పంపుకీ ఇంజెక్టర్లకీ జిడ్డు ఇచ్చేది ఆ డీజిలే. అందులో నీళ్లు కలిస్తే లోపల అరిగిపోతాయి, ఇంజెక్టర్ల ఖరీదు విన్నాక ఎవరికైనా టెన్షనే. డ్యాష్‌బోర్డు మీద నీళ్ల లైట్ వెలిగితే ఆ రోజే మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లండి.

కొనడానికి వెళ్తే పొద్దున్నే వెళ్లండి, ఇంజిన్ చల్లగా ఉండాలి. ముందు బానెట్ మీద చెయ్యి పెట్టి చూడండి, వేడిగా ఉంటే మీరు రాకముందే స్టార్ట్ చేసి ఉంచారన్నమాట, ఇంకో రోజు వస్తానని చెప్పేయండి. చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేయగానే గలగలమని గొలుసు చప్పుడు వచ్చి ఆగకపోతే చైన్ పని ఉందని అర్థం. తర్వాత ఇంజిన్ నడుస్తుండగా ఆయిల్ మూత తీయండి, గుప్పుగుప్పున పొగ వస్తుంటే పిస్టన్ రింగులు అరిగాయేమో అని అనుమానించండి. రేస్ ఇచ్చినప్పుడు సైలెన్సర్ నుంచి నీలం పొగ వస్తే ఆయిల్ తాగుతోంది.

ఈ బండికి వస్తే బాడీ బాగుంది, ఏసీ బాగుంది, చైన్ చప్పుడు లేదు, బిల్లులు వరుసగా ఉన్నాయి. నేనైతే తీసుకుంటాను. ఇదే బండి బిల్లుల్లేకుండా వస్తే, చైన్ కిట్ మార్పించే ఖర్చు ధరలోంచి తగ్గించమని అడుగుతాను, ఓనరు ఒప్పుకోకపోతే వదిలేస్తాను.