తెన్నేటి పార్కు పేరు వెనక ఉన్న ప్లీడరు గారు

(విజువల్: తెన్నేటి పార్కు, సాయంత్రం. రెయిలింగ్ అవతల సముద్రం, ఇవతల మురీ మిక్సర్ బండి.)

2020 అక్టోబరు గుర్తుందా? వాయుగుండం గాలికి బంగ్లాదేశ్ ఓడ ఒకటి కొట్టుకొచ్చి ఇక్కడి రాళ్ల మీద కూర్చుంది. దాని పేరు 'మా'. వైజాగ్ వైజాగంతా వచ్చి సెల్ఫీలు దిగింది. అందరం "తెన్నేటి పార్కు దగ్గర ఓడ" అన్నాం గానీ, తెన్నేటి ఎవరో అడిగినవాళ్లు తక్కువ. నా సంగతే చెప్తా. చిన్నప్పుడు అది ఏదో ఏటి పేరనుకునేవాణ్ణి!

ఏరు కాదు, ప్లీడరు. తెన్నేటి విశ్వనాథం గారు. పుట్టింది 1895లో. విశాఖలో ప్రాక్టీసు పెట్టి, స్వాతంత్ర్య పోరాటంలో జైళ్లకెళ్లి, మద్రాసు శాసనసభలో కూర్చున్నారు. టంగుటూరి ప్రకాశం గారికి కుడిభుజం. ప్రకాశం గారిదీ నల్లకోటే, ఆయన బారిస్టర్. వాళ్ల స్నేహం ఎంతటిదంటే, ప్రకాశం గారి ఆత్మకథకు చివరి భాగం రాసింది ఈయనే.

(విజువల్: పాత మ్యాప్. కర్నూలు మీద చుక్క.)

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. రాజధాని కర్నూలు. సరిపడా భవనాలు లేక ఆఫీసులు గుడారాల్లో నడిచాయి. ప్రకాశం గారు ముఖ్యమంత్రి, మన విశాఖ ప్లీడరు ఆర్థిక మంత్రి. కొత్త కాపురం, ఖాళీ డబ్బా. దానికి తోడు మద్రాసు రోజుల నుంచి వచ్చిన మద్య నిషేధం. అంటే సారా డబ్బులు ఖజానాకి రావు. నిషేధం సంగతి తేల్చమని రామమూర్తి కమిటీని వేస్తే, ఎత్తేయడమే మంచిదని అది చెప్పింది. ప్రభుత్వం మాత్రం ఎత్తేయలేదు.

అక్కడ పట్టుకున్నారు ప్రతిపక్షం వాళ్లు. 1954 నవంబరులో అవిశ్వాసం పెట్టారు.

ఇక్కడ కాస్త ఆగుదాం. కోర్టులో వాదన ముగిశాక జడ్జి గారు కాగితాలు చూస్తారు, సాక్ష్యం చూస్తారు, నచ్చకపోతే పైకోర్టు ఉంది. సభలో అవేవీ లేవు. తలలు లెక్కపెడతారు, అంతే. ఎంత బాగా వాదించినా, చెయ్యెత్తేవాడు ఒకడు తగ్గితే కేసు పోయినట్టే. అప్పీలు లేదు.

ఆ రోజు తగ్గింది సరిగ్గా ఒక్కటే. ఒక్క ఓటు తేడాతో ప్రభుత్వం పడిపోయింది! రాష్ట్రం వచ్చి పదమూడు నెలలు. రాష్ట్రపతి పాలన పెట్టారు.

(విజువల్: జిల్లా కోర్టు గేటు, ఫైళ్లు పట్టుకుని లాయర్లు.)

మధ్యలో ఒక మాట. ఎమ్మెల్యే అయితే ప్రాక్టీసు మానేయాలా అని చాలామందికి డౌటు. అక్కర్లేదు. జీతం తీసుకునే ఉద్యోగి వకాల్తా వేయకూడదన్న రూలు ఉంది గానీ, ఎమ్మెల్యే ప్రభుత్వానికి ఉద్యోగి కాడని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. పొద్దున కోర్టు, మధ్యాహ్నం అసెంబ్లీ, అభ్యంతరం లేదు. క్లయింట్లకి టెన్షన్, అది వేరే సంగతి.

మళ్లీ మన కథకి. 1966. "విశాఖ ఉక్కు, ఆంధ్రుల హక్కు" అన్న నినాదం మన వీధుల్లోనే మార్మోగింది. ఇక్కడ ఉక్కు ఫ్యాక్టరీ పెట్టాలని ఉద్యమకారుడు అమృతరావు గారు నిరాహార దీక్షకి కూర్చున్నారు. నవంబరు 1న ఇదే ఊళ్లో పోలీసు కాల్పులు జరిగాయి, ప్రాణాలు పోయాయి. ప్రతిపక్ష ఎమ్మెల్యేలు మూకుమ్మడిగా రాజీనామాలు ఇచ్చారు. ఆ ఉద్యమానికి ముందు నిలబడ్డ పెద్దల్లో తెన్నేటి వారొకరు, అప్పటికి డెబ్బై దాటిన మనిషి. ఈసారి ఆయన వాదన వింటున్నది సభ కాదు, రోడ్డు మీద జనం.

ఆ జనమే 1967లో ఆయన్ని గెలిపించి ఢిల్లీ పంపారు. ఏ పార్టీ టికెట్టూ లేదు, ఇండిపెండెంట్! నా మటుకు నాకు ఆయన కెరీర్‌లో అన్నిటికన్నా పెద్ద తీర్పు అదే.

(విజువల్: స్టీల్ ప్లాంట్ పొగగొట్టాలు, గాజువాక వైపు నుంచి.)

1970 ఏప్రిల్ 17న ఇందిరా గాంధీ పార్లమెంటులో ప్రకటించారు, విశాఖకి ఉక్కు ఫ్యాక్టరీ అని. అప్పుడు లోక్‌సభలో విశాఖ సభ్యుడు తెన్నేటి వారే. శంకుస్థాపన 1971 జనవరి 20న జరిగింది. అప్పటికి లోక్‌సభ రద్దయి మూడు వారాలు దాటింది. రాయి పడేనాటికి ఆయన ఎంపీ కూడా కారు.