పంటి నొప్పి ఉన్నట్టుండి మాయమైందా? సంబరపడకండి

[తెర మీద: గ్లాసులో ఐస్ ముక్కలు పడుతున్నాయి]

ఈ చప్పుడు వింటేనే దవడలో ఎక్కడో జివ్వుమందా? నాకూ ఇలాగే మొదలైంది. సంక్రాంతి చెక్కలు కొరుకుతుంటే కింద దవడ పన్ను కటుక్కుమంది, ఆ రోజు నుంచి చల్లనీళ్లు తగిలితే జివ్వుమనేది, నేనేమో ఆ పక్క నమలడం మానేసి రెండో పక్క నములుతూ ఆర్నెల్లు నెట్టుకొచ్చా. ఒక రోజు అర్ధరాత్రి లేచి కూర్చున్నా. గుండె కొట్టుకున్నప్పుడల్లా పంటిలో ఒక సుత్తి దెబ్బ. లవంగం పెట్టా, ఉప్పునీళ్లు పుక్కిలించా, మాత్ర వేసుకున్నా. నాలుగో రోజు పొద్దున్నే చూస్తే నొప్పి లేదు! ఇంట్లో అందరికీ చెప్పా, తగ్గిపోయిందని.

తగ్గలేదండీ. నరం చచ్చిపోయింది.

[తెర మీద: పన్నును నిలువునా కోసిన బొమ్మ]

పైన తెల్లగా కనిపించే ఎనామెల్‌లో నరాలు ఉండవు, దానికి నొప్పి తెలీదు. దాని కింద డెంటిన్, కంటికి కనిపించనంత సన్నటి గొట్టాలతో నిండి ఉంటుంది. మధ్యలో మెత్తటి గుజ్జు. మనం నరం అంటాం గానీ అందులో రక్తనాళాలు కూడా ఉంటాయి, అన్నీ వేరు కొసన ఉన్న చిన్న కంతలోంచి లోపలికి వస్తాయి. చిక్కంతా ఇక్కడే. కాలు బెణికితే వాచడానికి చోటుంది, పంటిలో గుజ్జు వాస్తే చుట్టూ గట్టి గోడలే కదా, ఆ ఒత్తిడంతా నరం మీదే పడుతుంది. పడుకుంటే తలవైపు రక్తం ఇంకాస్త ఎక్కువ వస్తుంది కాబట్టి రాత్రిళ్లు నరకం.

ఎక్కువమందికి కారణం పుచ్చే. నాలాగా పన్ను చిట్లినా, నిద్రలో పళ్లు కొరికినా, చిగుళ్ల జబ్బు ముదిరినా నరం దెబ్బతినొచ్చు. చిన్నప్పుడు సైకిల్ మీంచి పడి ముందు పంటికి తగిలిన దెబ్బ, ఏళ్ల తర్వాత ఆ పన్ను బూడిద రంగుకి తిరిగినప్పుడు గుర్తొస్తుంది.

మరి నరం ఏ స్థితిలో ఉందో ఎలా తెలుస్తుంది? చల్లటిది తగిలి జివ్వుమని, రెండు మూడు సెకన్లలో పోతే అది ఇంకా కోలుకునే దశలోనే ఉండొచ్చు, పుచ్చు తీసి ఫిల్లింగ్ పెడితే చాలాసార్లు సరిపోతుంది. కాఫీ తాగి గ్లాసు కింద పెట్టాక కూడా సలుపుతూనే ఉంటే, ఏమీ తగలకుండానే నొప్పి లేస్తుంటే, ఫిల్లింగ్‌తో పోయేది కాదు. అప్పుడు చాలామందికి రూట్ కెనాల్, లేదంటే పీకించుకోవడం. మెడికల్ షాపులో అడిగి యాంటీబయోటిక్ వేసుకోకండి, వాపూ జ్వరం లేని నరం నొప్పికి అది పనిచేయదు.

రూట్ కెనాల్ అంటే అందరికీ టెన్షన్. నా మటుకు నాకు మత్తు సూది చురుక్కుమంది, అంతే, గంటసేపు నోరు తెరిచి ఉంచడమే కష్టం. ఫైళ్లు అనే సన్నటి ఆకురాయి లాంటి పుల్లలతో పాడైన గుజ్జు తీసేసి, హైపోక్లోరైట్‌తో కడుగుతారు, ఆ బ్లీచింగ్ వాసన అదే. తర్వాత గట్టాపెర్చా అనే చెట్టుపాల రబ్బరు లాంటి పదార్థంతో నింపుతారు. వేర్లలో గుజ్జు ఉండే సన్నటి దారుల్నే కాలువలు అంటారు, కింది దవడ పంటికి మామూలుగా మూడు, పైదానికి చాలాసార్లు నాలుగు, ఆ నాలుగోది దొరక్కపోతే నొప్పి మళ్లీ రావొచ్చు. ఖర్చు మిగులుతుందని ఆ తర్వాత పన్ను మీద తొడిగే క్యాప్ మాత్రం మానేయకండి. మా బావ మానేశాడు, పన్ను నిలువునా చీలి చివరికి పీకించుకున్నాడు. అన్నట్టు, పై పన్ను పీకితే కళ్లు పోతాయని మా అమ్మమ్మ అనేది. పోవు, కంటిచూపు నరం వేరు.

చచ్చిన నరాన్ని వదిలేస్తే వేరు కొసన చీము పడుతుంది. దవడ కింద గట్టిగా వాచి, మింగడం గానీ ఊపిరి గానీ కష్టమైతే తెల్లారేదాకా ఆగకుండా ఎమర్జెన్సీకి వెళ్లిపోవాలి, అది ప్రాణం మీదికి తెచ్చే ఇన్ఫెక్షన్.

[తెర మీద: రెండు ఎక్స్‌రేలు పక్కపక్కన]

ఎడమది నాదే, వేరు కింద కందిగింజంత నల్లటి మచ్చ చూశారా, నొప్పి లేదని నేను మురిసిపోతున్న రోజుల్లో అక్కడ ఎముక కరుగుతోంది. కుడిది వైద్యం అయిన ఏడాదికి తీసింది. మచ్చ ఇంకా పూర్తిగా పోలేదు, ఎముక మెల్లగా పూడుతోంది.