గెలిచిన కోచ్ ఎందుకు వెళ్ళిపోతారు? జీతం ఒక్కటే కాదు సామీ!

[తిరుపతి. ప్రెజెంటర్ బల్ల ముందు. బల్ల మీద ఒక ఫుట్‌బాల్, నాలుగు తోతాపురి కాయలు.]

అందరికీ నమస్తే. మహిళల ఫుట్‌బాల్ మీద ఏ వీడియో కింద చూసినా ఒకటే కామెంట్. "కప్పు తెచ్చిన కోచ్‌ను ఎవరైనా వదులుకుంటారా? జీతం డబుల్ చేసుంటే ఉండిపోయేది కదా!" ఈ మాట చదివినప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది. జీతం తక్కువైతే పోతారు, నిజమే. ఎక్కువ ఇచ్చినంత మాత్రాన ఉంటారని మాత్రం ఎవరు చెప్పారు?

మన చిత్తూరు వైపు మామిడి తోటలు గుత్తకిచ్చే పద్ధతి తెలుసు కదా. ఈ రోజు మొత్తం దాంతోనే లాగించేస్తా, భరించండి.

ఒక్క కాపుకే గుత్తకు తీసుకున్నోడు ఏం చేస్తాడు? పూత చూసి బేరమాడతాడు, మందు కొడతాడు, జూన్, జూలైలో కాయ కోసి ట్రాక్టర్‌కెత్తి పల్ప్ ఫ్యాక్టరీకి తోలేస్తాడు. కోత అయ్యాక కొమ్మ కత్తిరించడు, చెట్టు మొదట్లో ఎరువు వేయడు. ఎందుకేస్తాడు? ఆ ఎరువు పని చేసేది వచ్చే ఏడాది కాపుకు. అప్పటికి తోట ఇంకొకడిది. ఐదేళ్ళకు తీసుకున్నోడైతే వాన పడకముందే ఎండుకొమ్మలు తీయించి, పాదులు తవ్వించి, ఎరువు దింపించుకుంటాడు.

నేషనల్ టీమ్ కోచ్ సంగతి అచ్చం ఇదే. క్లబ్ కోచ్ కళ్ళ ముందు ప్లేయర్లు రోజూ ఉంటారు. నేషనల్ కోచ్‌కు ఫిఫా క్యాలెండర్‌లో విండో, అంటే క్లబ్‌లు ప్లేయర్లను దేశం జట్టుకు వదిలే రోజులు, వచ్చినప్పుడే దొరుకుతారు, అదీ పది రోజులకు అటూ ఇటూ. పదిహేడేళ్ళ అమ్మాయిని ఈ రోజు క్యాంపుకు పిలిస్తే, ఆమె ప్రపంచ కప్పు మ్యాచ్‌లో నిలబడేసరికి మూడు నాలుగేళ్ళు పడుతుంది. రెండేళ్ళ కాంట్రాక్టు మీదున్న కోచ్ ఆ పిల్లను పిలుస్తారా? ఉన్న సీనియర్లనే అరిగిపోయేదాకా ఆడిస్తారు. తప్పు కోచ్‌ది కాదు, గుత్త రాసినోళ్ళది.

సరే, మంచి కోచ్‌ను ఉంచుకోవాలంటే చేయాల్సిన మొదటి పని. కాంట్రాక్టు మాట్లాడే టైమ్. చాలా ఫెడరేషన్లు, అంటే దేశాల ఫుట్‌బాల్ సంఘాలు, మునిగిపోయేది ఇక్కడే.

[స్క్రీన్ మీద: సరీనా వీగ్‌మన్. 2020 ఆగస్టు, 2021 సెప్టెంబర్, 2024 జనవరి.]

ఈ మూడు తేదీలు చూడండి. కోచ్ వీగ్‌మన్ 2017లో నెదర్లాండ్స్‌కు యూరో, అంటే యూరప్ దేశాల కప్పు, గెలిపించారు, 2019 ప్రపంచ కప్పు ఫైనల్‌కు తీసుకెళ్ళారు. ఇంగ్లండ్ ఆవిడ పేరు ప్రకటించింది 2020 ఆగస్టులో. పనిలో చేరింది 2021 సెప్టెంబర్‌లో, టోక్యో ఒలింపిక్స్‌లో నెదర్లాండ్స్ ఆట ముగిశాక. ఏడాదికి పైగా ఆగారు! ఇచ్చింది నాలుగేళ్ళు, అంటే 2025 దాకా. 2022 యూరో గెలిచారు. 2023 ఆగస్టులో ప్రపంచ కప్పు ఫైనల్ ఆడబోతున్న వారంలోనే అమెరికా కోచ్ కుర్చీ ఖాళీ అయింది. అందరి చూపూ వీగ్‌మన్ మీదే. ఇంగ్లండ్ ఫుట్‌బాల్ ఫెడరేషన్ ఎఫ్‌ఏ బాస్ మార్క్ బుల్లింగమ్, ఎవరు అడిగినా ఇచ్చేది లేదని ఫైనల్‌కు ముందే బయటకు చెప్పేశారు.

అసలు ముచ్చట ఆ తర్వాతిది. 2023 డిసెంబర్‌లో నేషన్స్ లీగ్‌లో ఇంగ్లండ్ స్కాట్లాండ్‌ను 6-0తో కొట్టింది. ఒలింపిక్స్‌లో ఆడేది బ్రిటన్ పేరుతో, ఆ బెర్త్ ఇంగ్లండ్ ఈ లీగ్‌లో గెలిచి తేవాలి. అయినా గోల్ తేడాతో నెదర్లాండ్స్ గ్రూపులో పైకెళ్ళింది, బ్రిటన్‌కు పారిస్ ఒలింపిక్స్ బెర్త్ పోయింది. మన దగ్గరైతే ఈపాటికి "కోచ్‌ను మార్చాలి" అని డిబేట్లు మొదలయ్యేవి. వాళ్ళేం చేశారు? 2024 జనవరిలో, పాత కాంట్రాక్టు ఇంకా ఏడాదిన్నర ఉండగానే, 2027 ప్రపంచ కప్పు దాకా పొడిగించారు. 2025 జూలైలో బాసెల్‌లో స్పెయిన్ మీద పెనాల్టీల్లో మళ్ళీ యూరో గెలిచారు.

గమనించండి, ఇది కొమ్మ కత్తిరించే కాలంలో మాట్లాడిన గుత్త. కాయ వేలాడుతున్నప్పుడు మాట్లాడితే రేటు ఆకాశంలో ఉంటుంది, పక్క ఊరి వ్యాపారులూ గేటు దగ్గరే ఉంటారు. కాయ రాలాక మాట్లాడితే మనసులు విరిగుంటాయి. కాబట్టి కాంట్రాక్టు ముగిసే తేదీకి ఏడాదిన్నర ముందు, పెద్ద టోర్నీ ఏదీ నెత్తి మీద లేనప్పుడు కూర్చోవాలి. కాంట్రాక్టు కూడా డిసెంబర్ 31 అని రాయకండి అబ్బా. టోర్నీ ఫైనల్ తేదీకి ఒకటి రెండు నెలలు కలిపి రాయండి. క్వాలిఫయర్ల మధ్యలో కాంట్రాక్టు ముగిసిందంటే క్యాంపులో ఎవరు ఎవరి మాట వినాలో తెలియదు.

రెండోది, సహాయక బృందం. దీన్ని ఎవరూ పట్టించుకోరు. తోటలో ఏ చెట్టు ఒక ఏడు కాసి ఒక ఏడు ఎగ్గొడుతుందో, ఏ మూల నీళ్ళు నిలుస్తాయో గుత్తదారుకు కాదు, నీళ్ళు కట్టే మనిషికి తెలుస్తుంది. వీగ్‌మన్‌కు ఆ మనిషి ఆర్యన్ వ్యూరింక్. నెదర్లాండ్స్‌లో ఆవిడ అసిస్టెంట్, ఇంగ్లండ్‌కూ వెంట వచ్చాడు. 2025 యూరో తర్వాత నెదర్లాండ్స్ అతన్నే హెడ్ కోచ్‌గా తీసుకెళ్ళింది. హెడ్ కోచ్‌ను కట్టేసుకున్నారు, పక్కనున్నోడు పోయాడు! అందుకే అసిస్టెంట్, గోల్‌కీపర్ కోచ్, ఫిట్‌నెస్ కోచ్, వీడియో అనలిస్ట్, ఫిజియో, అందరి కాంట్రాక్టులూ హెడ్ కోచ్ కాంట్రాక్టుతో పాటే ముగిసేలా రాయాలి. ఫిజియోను మూడు నెలలకోసారి రెన్యువల్ మీద పెట్టి, హెడ్ కోచ్‌కు ఎంత ఇచ్చినా ఉపయోగం లేదు. ఏ ప్లేయర్ మోకాలు ఎంత ఆట తట్టుకుంటుందో ఆ ఫిజియోకే తెలుసు.

మూడోది, డబ్బు. ఉంది, లేదనను. ఇంగ్లండ్ క్లబ్ చెల్సీ కోచ్ ఎమ్మా హేస్‌ను 2023 నవంబర్‌లో తీసుకున్నప్పుడు అమెరికా తన పురుషుల జట్టు కోచ్‌తో సమానంగా జీతం ఇస్తోందని వార్తలొచ్చాయి. అది మర్యాద కూడా. కానీ మొత్తం కంటే తేదీ ముఖ్యం. 2021 నుంచి ఫిఫా రూల్స్‌లో కోచ్‌ల ఉద్యోగాల మీద విడిగా ఒక భాగం ఉంది. విదేశీ కోచ్‌కు రెండు నెలల జీతం బకాయి పడితే, రాతపూర్వకంగా కనీసం 15 రోజుల గడువిచ్చి, అప్పటికీ రాకపోతే న్యాయమైన కారణంతో కాంట్రాక్టు తెంచుకోవచ్చు. అంటే జీతం డబుల్ చేసి లేటుగా ఇచ్చే ఫెడరేషన్ కంటే, సగం ఇచ్చినా ఒకటో తారీకున వేసే ఫెడరేషన్ నయం.

ఇక్కడ ఒకరు అడుగుతారు. హేస్ చెల్సీ సీజన్ ముగించుకుని 2024 మే చివర్లో వచ్చింది, ఆగస్టు 10న ఒలింపిక్ గోల్డ్ కొట్టింది, మరి ఐదేళ్ళ గుత్త ఎందుకని. మంచి ప్రశ్న. ఆవిడ వచ్చేలోపు ట్వైలా కిల్‌గోర్ తాత్కాలిక కోచ్‌గా జట్టును నడిపింది, తర్వాత ఆవిడ కిందే అసిస్టెంట్‌గా ఉంది. పాత కాపలా మనిషి తోటలోనే ఉండగా కొత్త గుత్తదారు వచ్చాడన్నమాట. ఆ వంతెన లేకుండా ఇలాంటిది జరిగి ఉండేదని నేననుకోను.

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా.

సొంత ఇంటి దొంగ. కెనడా మహిళలకు 2012, 2016 ఒలింపిక్ కంచు పతకాలు తెచ్చిన జాన్ హెర్డ్‌మన్‌ను 2018 జనవరిలో తీసుకెళ్ళింది ఎవరో కాదు, అదే ఫెడరేషన్, పురుషుల జట్టుకు. తోట యజమానే గుత్తదారును తన ఇంకో తోటకు తోలుకుపోతే ఎవరికి చెప్పుకుంటాం? టోర్నీ సైకిల్ మధ్యలో లోపలి బదిలీ ఉండదని కాంట్రాక్టులో ఒక వాక్యం రాయాలి.

సొంత దేశం పిలుపు. పియా సుందాగె అమెరికాకు 2008, 2012 గోల్డ్ తెచ్చి స్వీడన్‌కు వెళ్ళిపోయారు. దీన్ని ఆపలేం, ఆపకూడదు కూడా.

గెలిచిన ప్రతి కోచ్‌నూ ఉంచుకోవాలని కాదు. స్పెయిన్‌లో 2022లో 15 మంది ప్లేయర్లు జట్టుకు ఆడలేమని రాసినా ఫెడరేషన్ కోచ్ హోర్హె విల్డానే వెనకేసుకొచ్చింది. 2023లో ప్రపంచ కప్పు గెలిచారు, రెండు వారాలకే తీసేశారు. కాబట్టి రెన్యువల్‌కు ముందు ప్లేయర్లతో విడివిడిగా, పేర్లు బయటకు రాకుండా మాట్లాడించండి. కెప్టెన్‌ను ఒక్కదాన్ని అడిగితే చాలదు.

ఇక మన జట్టు. 2025 జూలై 5న చియాంగ్ మాయ్‌లో క్రిస్పిన్ ఛెత్రి కోచింగ్‌లో మన అమ్మాయిలు థాయ్‌లాండ్‌ను 2-1తో ఓడించారు, రెండు గోల్సూ సంగీతా బాస్ఫోర్‌వే. క్వాలిఫయర్లు ఆడి ఆసియా కప్పుకు వెళ్ళడం అదే మొదటిసారి. అలాంటి గెలుపు తర్వాత ఎవరినైనా ఉంచుకోవాలంటే జీతం కంటే ముందు రాసివ్వాల్సింది క్యాంపు రోజులు. ఏడాదికి ఎన్ని, ఎక్కడ, ఏ గ్రౌండ్‌లో, మనకంటే పై ర్యాంకు జట్లతో ఎన్ని ఫ్రెండ్లీలు. ఇవి కాంట్రాక్టుకు అనుబంధంగా, సంతకంతో ఉండాలి.

ఆఖరిది. ఎంత చేసినా కోచ్ ఏదో ఒక రోజు వెళ్తారు. నోటీసు కనీసం మూడు నెలలు పెట్టండి. ప్రాక్టీస్ వీడియోలు, జీపీఎస్ డేటా, గాయాల రికార్డులు ఫెడరేషన్ సర్వర్‌లో ఉండాలి, కోచ్ ల్యాప్‌టాప్‌లో కాదు. ఈ వాక్యం కోచ్ చేరిన రోజే కాంట్రాక్టులో రాయించుకోండి, వెళ్ళేటప్పుడు అడిగితే ఎవరూ ఇవ్వరు.