ట్రాక్టర్ నోటు, విక్టోరియా రూపాయి: పెద్దవాళ్ల పెట్టె మీద కన్నేసినవాళ్లు

(నెల్లూరు స్టూడియోలో జరిగిన చర్చ. పాల్గొన్నవారు: నాణేల పరిశీలకుడు, విశ్రాంత బ్యాంకు మేనేజరు, న్యాయవాది.)

యాంకర్: నమస్కారం. ట్రాక్టర్ బొమ్మ ఉన్న అయిదు రూపాయల నోటుకి లక్షలిస్తామనే వీడియోలు పెద్దవాళ్ల ఫోన్లలో తిరుగుతున్నాయి. ముందు సూటిగా అడుగుతాను. అంత ధర ఉందా?

పరిశీలకుడు: లేదండి. ఆ నోటు ఏళ్ల తరబడి అచ్చయింది, ఇంటింటా ఉంది. అలాంటి వీడియోల్లోనే చూపించే వైష్ణోదేవి బొమ్మ నాణేలూ అంతే, 2012లో వచ్చినవి. అయిదుది అయిదుకే, పదిది పదికే చెల్లుతుంది. 786 నంబరు నోటుకి సరదాపడేవాళ్లు కాస్త ఎక్కువ ఇస్తారేమో, లక్షలు మాత్రం ఎవరూ ఇవ్వరు. నాకు బాధ కలిగించేది ఇంకోటి. మామూలు నోటుకి లక్షలు చెప్పేవాళ్లే, నిజంగా విలువున్న వెండి రూపాయిని తుక్కు ధరకి పట్టుకుపోతారు.

యాంకర్: లక్షలు ఇస్తామన్నవాళ్లు డబ్బు ఎలా గుంజుతారు సార్?

మేనేజరు: ముందు నోటు ఫొటో అడుగుతారు. పది నిమిషాల్లో "మీ నోటు పాసైంది" అని రిజర్వ్ బ్యాంకు ముద్రతో ఒక ఉత్తరం పంపుతారు. తర్వాత రిజిస్ట్రేషన్ ఫీజు. ఇది కావాలనే చిన్న మొత్తంగా పెడతారు. అది కట్టిన మనిషిని జీఎస్టీ, ఇన్సూరెన్సు, ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) అని మెట్టు మెట్టుగా పైకి లాగుతారు. ప్రతిసారీ "ఇదే ఆఖరు, డబ్బు దారిలో ఉంది" అంటారు. అప్పటికే కట్టినది పోతుందన్న భయంతో పెద్దాయన ఇంకా కడతాడు. రిజర్వ్ బ్యాంకు 2021 ఆగస్టు 4నే చెప్పింది: పాత నోట్లు, నాణేల అమ్మకాలతో తమకు సంబంధం లేదు, ఫీజూ కమిషనూ అడగము, మా తరఫున వసూలు చేయమని ఎవరికీ చెప్పలేదు అని. ఇంకో మాట. డబ్బు మీకు రావడానికి యూపీఐ పిన్ను అక్కర్లేదు. పిన్ను కొట్టమన్నాడంటే మీ ఖాతా నుంచి పోతుందనే లెక్క.

న్యాయవాది: పోయాక మళ్లీ ఫోన్ వస్తుంది. "మేం సైబర్ పోలీసులం, మీ డబ్బు తిరిగిప్పిస్తాం, కొంచెం ఖర్చవుతుంది" అని. మోసపోయినవాళ్ల నంబర్లు వాళ్లలో వాళ్లే అమ్ముకుంటారు. ఒకసారి కట్టిన మనిషి మళ్లీ కడతాడని నమ్మకం.

యాంకర్: ఫోన్ లైన్లో ఒక పెద్దాయన ఉన్నారు. చెప్పండయ్యా.

ఫోన్ చేసినవారు: నమస్కారం సార్, కావలి కాడ నుంచి మాట్లాడుతుండా. మా నాయన దాచిన ఎండి రూపాయలు నలభై ఉండాయి. ఇంటికొచ్చినాయన తులం లెక్కన తీసుకుంటానంటుండాడు. ఇచ్చేయొచ్చా?

పరిశీలకుడు: ఇవ్వకండయ్యా. ఆ తులంలోనే కిటుకుంది. పాత రూపాయి సరిగ్గా పాత తులం, అంటే 11.66 గ్రాములు. ఇప్పుడు తులమంటే 10 గ్రాములంటున్నారు. "నలభై రూపాయలు, నలభై తులాలు" అని 400 గ్రాములకి కడతాడు. మీ నాణేలు అరగకుండా ఉంటే 466 గ్రాములు. మాటలోనే 66 గ్రాములు ఎగిరిపోయింది. వాటి మీద రాసున్న సంవత్సరం ఎంత?

ఫోన్ చేసినవారు: కొన్ని 1900 లోపు, కొన్ని 1944 అట్టా ఉండాయి.

పరిశీలకుడు: అయితే రెండు కుప్పలు చేయండి. 1939 దాకా వచ్చిన రూపాయిలో వెండి 91.7 శాతం. 1940 నుంచి సగమే. 1947 రూపాయి అసలు వెండే కాదు, నికెల్. దానికి అయస్కాంతం అంటుకుంటుంది, వెండికి అంటుకోదు. కొనేవాడు కావాలనే అన్నీ కలిపి పోస్తాడు. 1944వి చూపించి, "చూశారా, సగమే వెండి" అని 1900 నాటి విక్టోరియా రాణి బొమ్మ రూపాయలకీ అదే ధర కడతాడు.

యాంకర్: అయస్కాంతం అంటుకోకపోతే అసలుదేనా?

పరిశీలకుడు: కాదు, అక్కడే చాలామంది బోల్తా పడతారు. ఇత్తడికీ, పేరుకే సిల్వర్ అయి వెండే లేని జర్మన్ సిల్వర్‌కీ కూడా అంటుకోదు. ఇంట్లో చేసుకోదగ్గ పరీక్ష నీళ్లది. రెండు దశాంశాలు చూపే చిన్న తూకం కావాలి. నాణెం బరువు చూశాక, నీళ్ల గ్లాసు తూకం మీద పెట్టి సున్నా చేయండి. నాణేన్ని సన్న దారంతో కట్టి నీళ్లలో పూర్తిగా ముంచి పట్టుకోండి, అడుక్కీ అంచుకీ తగలకూడదు. 11.66 గ్రాముల పాత రూపాయికి 1.13 దగ్గర చూపాలి. సగం వెండిదానికి 1.2 చిల్లర. 1.3 దాటిందంటే జర్మన్ సిల్వర్ లాంటిదే. నాణేనికి గాలి బుడగ అంటుకుంటే అంకె పెరుగుతుంది, దులిపి మళ్లీ ముంచాలి. అడుగు తగిలితే నాణెం బరువూ కలిసి అసలు లెక్కే తప్పుతుంది.

మేనేజరు: లోహం ఏదో చెప్పే మిషన్ మీద చూపిస్తే పోదా సార్? చిన్నబజారులో నిమిషంలో చెప్తారు.

పరిశీలకుడు: చూపించండి, కానీ ఆ మిషన్ పైపొరనే చదువుతుంది. మందంగా పూత పెట్టినదాన్ని వెండి అనే చెప్పొచ్చు. అందుకే బరువు, నీళ్ల పరీక్ష, మిషన్, మూడూ ఒక్కమాట మీద ఉండాలి. ఇంకోటి, వెండి బరువే ఆఖరి ధర అనుకోకండి. బ్రిటిష్ రాజు ఆరో జార్జి బొమ్మతో 1939 రూపాయి చాలా అరుదు. అంత అరుదు కాబట్టే 1938ని చెక్కి 1939 చేసినవి తిరుగుతుంటాయి, ఆఖరి అంకెను భూతద్దంతో చూడాలి. ఇక రాముడు, సీత బొమ్మలతో 1818 అని ఉన్న ఈస్టిండియా కంపెనీ రాగి బిళ్లలు కంపెనీ ముద్రించినవే కావు. వాటికి లక్షలన్నవాడు మీ ఫీజు కోసమే వచ్చాడు.

యాంకర్: పొలంలో బంగారు నాణేల కుండ దొరికిందని అమ్మజూపేవాళ్ల సంగతి?

న్యాయవాది: ఈ జిల్లాలో ఆ కథ నమ్మించడం తేలిక. 1786లో నెల్లూరు దగ్గర పొలం దున్నుతుంటే రోమను బంగారు నాణేలు నిజంగానే దొరికాయి. ఆ నిజం మీద అబద్ధం కడతారు. మొదట అసలు బంగారు నాణెం ఒకటి చేతికిచ్చి "ఎక్కడైనా గీటురాయి మీద గీయించుకోండి" అంటారు. అది నెగ్గుతుంది. కుండలోవి ఇత్తడివి. నిజంగా దొరికినా, 10 రూపాయల విలువ దాటితే కలెక్టరుకు తెలపాలని 1878 చట్టం ఉంది. రహస్యంగా అమ్మేవాడి దగ్గర కొనడం మీకే చిక్కు. ఇంట్లో తాతల నాటి రూపాయలు ఉంచుకోవడం మాత్రం నేరం కాదు. "కేసవుతుంది, వెంటనే మాకిచ్చేయండి" అని బెదిరిస్తే లొంగకండి.

యాంకర్: డబ్బు ఇప్పటికే పోయినవాళ్లు?

మేనేజరు: గంటలు లెక్క. వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి, తర్వాత బ్యాంకుకి. యూపీఐ అయితే 12 అంకెల యూటీఆర్ నంబరు (ఆ చెల్లింపు గుర్తింపు నంబరు), సమయం, మొత్తం చేతిలో పెట్టుకోండి. సిగ్గుపడి వాట్సాప్ సంభాషణ తుడిచేస్తారు, దయచేసి ఆ పని చేయకండి. ఆధారం అదే.

న్యాయవాది: జీరో ఎఫ్ఐఆర్, అంటే స్టేషన్ పరిధితో పనిలేని ఫిర్యాదు, ఏ స్టేషన్లోనైనా ఇవ్వొచ్చు. ఆన్‌లైన్లో ఇస్తే మూడు రోజుల్లో సంతకం పెట్టాలి. పిల్లలు దూరాన ఉన్న పెద్దవాళ్లు తెలుసుకోవాల్సింది ఒకటుంది: అరవై దాటిన మగవారినీ, ఏ వయసు స్త్రీనైనా సాక్ష్యం కోసం పోలీసులు స్టేషన్‌కి రమ్మని బలవంతపెట్టకూడదు, ఇంటికే రావాలి.

ఫోన్ చేసినవారు: సార్, ఒక్క మాట. నల్లగా అయిపోయుండాయి. చింతపండుతో తోమి చూపించమంటారా?

పరిశీలకుడు: తోమకండయ్యా. పులుపు పైపొరని తినేస్తుంది, సేకరించేవాడు తోమిన నాణేన్ని పక్కన పెట్టేస్తాడు. నల్లగానే ఉండనివ్వండి. ఒక్కోదాన్ని కాగితంలో చుట్టి, మీద సంవత్సరం, బరువు రాసి, అన్నింటికీ రెండు వైపులా ఫొటోలు తీయించండి. ఆ జాబితా మీ దగ్గర ఉంటే చూస్తానని చేతికి తీసుకుని మార్చేయడం కుదరదు. మీ ఇంటికొచ్చినాయన మళ్లీ వస్తే, ముందు జాబితా చూపించి ఒక్కో నాణేనికి ధర రాసిమ్మనండి.